షోకేసులోంచి చాప మీదికి



సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయి. భోగికి ముందు ఇల్లు దులపడం, పాత సామాను తీసెయ్యడం అందరి ఇళ్ళలోనూ ఉండే పనే. ఆ పనిలో ఉన్నప్పుడు ఒక్క నిమిషం మీ హాల్లో నేల మీద కూర్చోండి. మీ యూకేజీ పాప ఎత్తు నుంచో, మూడో తరగతి బాబు ఎత్తు నుంచో చుట్టూ చూడండి. ఏం కనిపిస్తోంది? టీవీ కనిపిస్తుంది. సోఫా మీద రిమోట్ కనిపిస్తుంది. ఛార్జింగ్‌కు పెట్టిన ఫోన్ కనిపిస్తుంది.

ఇంట్లో పుస్తకాలు లేవని కాదు. పోయిన బుక్ ఫెయిర్‌లో కొన్నవి, పుట్టినరోజుకు వచ్చినవి, పోటీల్లో గెలుచుకున్నవి ఉంటాయి. కాకపోతే అవి షోకేసులో, అద్దం వెనక, మెమెంటోల పక్కన, పెద్దవాళ్ళ భుజాల ఎత్తులో ఉంటాయి. చిరిగిపోకూడదని జాగ్రత్తగా దాచాం. అలా దాచిన పుస్తకం నిజంగానే చిరగదు. దాన్ని ఎవరూ చదవరు కూడా.

ఈ నెల తెలుగు పేజీలో నాకు నచ్చిన కొన్ని పుస్తకాలు, మూడు సినిమాలు, ఇంట్లో ఒక చిన్న సర్దుబాటు మీ ముందు పెడుతున్నాను. వీటిలో మొదట చెయ్యాల్సింది సర్దుబాటే. పుస్తకం ఎంత మంచిదైనా బిడ్డ చేతికి అందకపోతే లేనట్టే లెక్క.

పదో తరగతి దాకానే గడువు

మన పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు. అదే తెలుగును పుస్తకంలో చూపించి చదవమంటే కూడబలుక్కుంటారు. ఒత్తులు వచ్చేసరికి ఆగిపోతారు. తెలివి లేక కాదు, అలవాటు లేక. చదువంతా ఇంగ్లిష్ మీడియంలో సాగుతోంది. తెలుగు ఒక సబ్జెక్టు: పాఠం, ప్రశ్నలు జవాబులు, వ్యాసం, లేఖ. పరీక్షకు కావలసినంత తెలుగు క్లాసులో వస్తుంది, మార్కులూ వస్తాయి. కానీ పరీక్ష కోసం చదివే తెలుగు పరీక్షతోనే ఆగిపోతుంది.

పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో చాలామంది మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటారు. అది ఆ కుటుంబం నిర్ణయం, తప్పు పట్టడం లేదు. లెక్క మాత్రం చూడండి. ఈ రోజు ఆరో తరగతిలో ఉన్న బిడ్డ చేతిలో తెలుగు పుస్తకం ఉండేది ఇంకో నాలుగేళ్ళ పైచిలుకు. ఆ తర్వాత ఈఏపీసెట్ అనో, జేఈఈ అనో, నీట్ అనో పరుగు మొదలవుతుంది. ఈలోగా తన ఇష్టంతో ఒక తెలుగు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకపోతే, ఇరవై ఏళ్ళు వచ్చాక మొదలుపెట్టేవాళ్ళు చాలా అరుదు. తాతయ్య రాసిన డైరీ, అమ్మమ్మ రాసుకున్న వంటల నోటుబుక్కు ఆ బిడ్డకు మూగవైపోతాయి.

తెలుగు కథలు చదివితే ఇంగ్లిష్ వెనకబడుతుందేమోనని కొందరు భయపడతారు. కథ వెంట పడి చదవడం ఒక భాషలో అలవాటైన పిల్లలు రెండో భాషలోనూ పెద్ద పేరాగ్రాఫు చూసి బెదరరు. ఒకచోట కుదిరిన ఓపిక రెండోచోటా పనికొస్తుంది.

ముందు చోటు

ఇంటీరియర్ డిజైనర్ అక్కర్లేదు. ఒక పూట పని. టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోనైనా, అద్దె ఇంట్లోనైనా కుదురుతుంది.

1. హాల్లో గానీ, పిల్లలు పడుకునే గదిలో గానీ ఒక మూల చూడండి. అక్కడ కూర్చుంటే టీవీ కనబడకూడదు, ఛార్జర్ ప్లగ్గు చేతికి అందకూడదు. కిటికీ పక్కనైతే మరీ మంచిది. ఫ్యాను గాలి తగలాలి. ఉక్కపోసే మూలలో ఎవరూ కూర్చోరు.

2. పుస్తకాల అర నేల నుంచి 3 అడుగుల ఎత్తు దాటకూడదు. కొత్త ర్యాకు కొనాలని లేదు. పండ్ల షాపులో దొరికే చెక్కపెట్టె శుభ్రం చేసి, మేకులు బయటికి లేకుండా చూసి, పక్కకు పడుకోబెడితే చాలు. మూత తీసిన పాత ట్రంకు పెట్టె అయినా సరే. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇల్లయితే ఇంకా సులువు. కొలువు ఎత్తేసి బొమ్మలు పెట్టెలో సర్దేటప్పుడు కింది రెండు మెట్లు అలాగే ఉంచండి. నిన్నటి దాకా బొమ్మలు నిలబడ్డచోట రేపు పుస్తకాలు నిలబడతాయి.

3. పుస్తకాలను వరుసగా ఇరికించి వెన్ను మాత్రం కనబడేలా పెట్టకండి. అట్ట మీది బొమ్మ బయటికి కనబడాలి. చదవడం ఇంకా రాని పాప పుస్తకాన్ని ఆ బొమ్మతోనే గుర్తుపడుతుంది.

4. ఒకేసారి 10 లేదా 12 పుస్తకాలు చాలు. రెండు వారాలకోసారి సగం మార్చండి. బీరువాలోంచి మళ్ళీ బయటికి వచ్చిన పుస్తకం కొత్తదానిలాగే కనిపిస్తుంది.

5. కింద ఒక చాప, చాప మీద పాత చీరలతో కుట్టిన బొంత, రెండు దిళ్ళు. సాయంత్రానికి ఒక చిన్న టేబుల్ ల్యాంపు. కుర్చీ, బల్ల వద్దు. కుర్చీ బల్ల చూస్తే పిల్లలకు హోంవర్క్ గుర్తొస్తుంది.

6. గోడకు చార్టుల బదులు ఒక ఉత్తరం పెట్టండి. మీ అమ్మగారో నాన్నగారో ఎప్పుడో రాసిన పోస్టుకార్డు, ఇన్‌లాండ్ లెటరు ఏదో ఒకటి ఇంట్లో ఉండే ఉంటుంది. దాన్ని ఫ్రేము కట్టించి పిల్లల కళ్ళ ఎత్తులో తగిలించండి. ఉత్తరాలేవీ మిగలకపోతే ఈ పండక్కి ఊరెళ్ళినప్పుడు నాన్నమ్మ చేత మనవరాలి పేరున నాలుగు వాక్యాలు రాయించి తీసుకురండి. ఆ గోడ మీద అంతకంటే అందమైన అలంకరణ ఉండదు. అది చదవాలన్న కోరిక ఒక్కటి పుట్టినా ఆ మూల తన పని చేసినట్టే.

ఏ వయసుకు ఏ పుస్తకం

ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి: ఈ వయసుకు బొమ్మే కథ. పేజీకి ఒకటి రెండు వాక్యాలుండే పుస్తకాలు తీసుకోండి. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ ప్రచురించిన తెలుగు బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రథమ్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగానే ఉన్నాయి. ఫోన్‌లో చూపించే బదులు ప్రింటు తీసి స్టేపుల్ చేసి ఇవ్వండి. మీరు చదివి వినిపించడానికి రష్యన్ రచయిత చుకోవ్‌స్కీ రాసిన ‘నొప్పి డాక్టరు’ బావుంటుంది. జబ్బు చేసిన జంతువులకు వైద్యం చెయ్యడానికి ఎంత దూరమైనా వెళ్ళే డాక్టరు కథ. సూదిమందంటే భయపడే పిల్లలున్న ఇంట్లో తప్పకుండా ఉండాలి.

మూడు నుంచి ఐదో తరగతి: ముందు పరమానందయ్య శిష్యుల కథలు. ఏరు దాటాక అందరూ వచ్చామా అని లెక్కపెడుతూ, లెక్కపెట్టేవాడు తనను తాను మరిచిపోయి, ఒకడు తగ్గాడని అందరూ గొల్లుమనే కథ చెప్పి చూడండి. తప్పు ఎక్కడుందో మీ బాబు మీకంటే ముందే కనిపెట్టి కేకేస్తాడు. ఆ తర్వాత అలెగ్జాండర్ రాస్కిన్ పుస్తకం ‘నాన్నారి చిన్నతనం’. కూతురు సాషాకు ఒంట్లో బాగా లేనప్పుడల్లా తన చిన్ననాటి అల్లరి, భయాలు, చేసిన పొరపాట్లు చెబుతూ వచ్చిన ఒక తండ్రి వాటినే పుస్తకంగా రాశాడు. ఇది నాన్నలు చదివి వినిపించాల్సిన పుస్తకం. రెండు కథలు అయ్యేసరికి మీ అమ్మాయి పుస్తకం మూసి, ‘మరి నువ్వు చిన్నప్పుడు ఏం చేశావు నాన్నా?’ అంటుంది. అప్పుడు పుస్తకం పక్కన పెట్టి చెప్పెయ్యండి.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి: ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’, బాపు బొమ్మలతో. 1950లలో ఆంధ్ర వారపత్రికలో వచ్చింది. పెద్దవాళ్ళ లోకాన్ని ఒక చిన్న కుర్రాడు తన భాషలో, తన ఉచ్చారణతో చెప్పుకుపోతాడు. మాటలు కావాలనే తప్పుగా రాసినవి గనుక కళ్ళతో చదివితే సగం రుచి పోతుంది. రాత్రి భోజనాలయ్యాక రోజుకో నాలుగు పేజీలు గట్టిగా చదవండి. ఇంట్లో బామ్మ ఉంటే నవ్వు రెట్టింపవుతుంది. రెండోది చందమామ. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన ఈ పత్రికను కొడవటిగంటి కుటుంబరావు దశాబ్దాల పాటు తీర్చిదిద్దారు. ఆ తెలుగులో చిన్న వాక్యం, తెలిసిన మాట, ఆగని కథ ఉంటాయి. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’ మొదలుపెడితే ఫాంటసీ సినిమాలు ఇష్టపడే పిల్లలు వదలరు. పత్రిక ఇప్పుడు రావడం లేదు. పాత సంచికలు మీ ఊళ్ళో అటక మీద ఉన్నాయేమో ఈ పండక్కి వెతకండి. లేదంటే హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో చూడండి.

తొమ్మిది, పది తరగతులు: వీళ్ళకు తీరిక లేదు. అందుకే చిన్న కథలు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ మొత్తం 100. ఒక్కోటి నాలుగైదు పేజీలే. కృష్ణ ఒడ్డున ఒక ఊరు, ఆ ఊరి మనుషులు. 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. స్టడీ అవర్ అయ్యాక పడుకునే ముందు ఒక కథ, అంతే. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు జిల్లాలో ఒక ముస్లిం ఇంటి పిల్లవాడి బాల్యం. ఇరుకు ఇల్లు, బడి, అమ్మ చేతి దెబ్బలు, పండగలు. పుస్తకాల్లో అలాంటి యాస కూడా ఉంటుందా అని పిల్లలు ఆశ్చర్యపోతారు. మూడోది అబ్దుల్ కలాం ‘ఒక విజేత ఆత్మకథ’. ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’కు వాడ్రేవు చినవీరభద్రుడు చేసిన అనువాదం. రాకెట్ల సంగతి పిల్లలకు తెలిసిందే. మద్రాస్ ఎంఐటీలో సీటు వచ్చినప్పుడు ఫీజు కోసం అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు కుదువ పెట్టిన భాగం మీరిద్దరూ కలిసి చదవండి. ఆ పేజీ తర్వాత ఫీజు గురించి మీరు విడిగా చెప్పాల్సింది ఏమీ ఉండదు.

మీ కోసం ఒకటి: తెత్సుకో కురొయనాగి ‘రైలుబడి’. జపాన్‌లో 1981లో ‘తొత్తోచాన్’ పేరుతో వచ్చింది. తరగతిలో అస్తమానం డెస్కు మూత తెరిచి మూస్తోందని, కిటికీ దగ్గర నిలబడి వీధి గాయకులను పిలుస్తోందని ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపేసిన పాప కథ. తల్లి ఆ పాపను తొమోయె అనే బడికి తీసుకెళ్తుంది. అక్కడ తరగతి గదులన్నీ పాత రైలు పెట్టెలు. హెడ్‌మాస్టరు కొబయాషి మొదటి రోజున కుర్చీ దగ్గరికి జరుపుకుని, పాప చెప్పేదంతా నాలుగు గంటల సేపు విన్నారు. మొదటి బడి నుంచి తీసేశారన్న మాట తల్లి కూతురికి ఎప్పుడు చెప్పిందో తెలుసా? ఇరవై ఏళ్ళు వచ్చాక. అంతవరకూ తనలో ఏదో లోపముందన్న ఆలోచనే ఆ పిల్లకు రాలేదు. ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చిన సాయంత్రం ఈ పుస్తకం మీ దగ్గర ఉండాలి.

మూడు సినిమాలు

సెలవుల్లో సినిమాలు ఎలాగూ చూస్తాం. వాటిలో ఈ మూడూ చేర్చండి.

‘ద రెడ్ బెలూన్’ (1956, ఫ్రెంచ్): 34 నిమిషాలే. మాటలు దాదాపు లేవు. పారిస్ వీధుల్లో ఒక పిల్లవాడి వెంట కుక్కపిల్లలా తిరిగే ఎర్ర బెలూను. యూకేజీ పాప నుంచి తాతయ్య దాకా అందరికీ అర్థమవుతుంది.

‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ (1997, ఇరాన్, దర్శకుడు మజీద్ మజీదీ): చెల్లెలి చెప్పులు బాగుచేయించి తెస్తూ దారిలో పోగొట్టిన అలీ అనే కుర్రాడు. కొత్తవి కొనమని నాన్నను అడగలేరు, ఇంట్లో డబ్బు లేదు. ఉన్న ఒక్క జత బూట్లను అన్నాచెల్లెళ్ళిద్దరూ వంతులేసుకుని బడికి వెళ్తారు. పరుగుపందెంలో అలీకి కావలసింది మూడో స్థానం. మొదటిదీ కాదు, రెండోదీ కాదు. ఎందుకంటే మూడో బహుమతి బూట్లు. ర్యాంకుల గురించి మనం ఇంట్లో మాట్లాడుకునే మాటలన్నీ ఆ పందెం చూస్తుంటే గుర్తొస్తాయి.

‘మల్లేశం’ (2019, తెలుగు, దర్శకుడు రాజ్ రాచకొండ): ఎనిమిదో తరగతి పైవాళ్ళకు. చీరకు ఆసు పోయడమంటే దారాన్ని మేకుల చుట్టూ చేత్తో వేలసార్లు తిప్పడం. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన చింతకింది మల్లేశం 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టాడు. 1999కి గానీ పూర్తి కాలేదు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మధ్యలో బరువైన సన్నివేశాలున్నాయి గనుక పిల్లల పక్కన మీరూ కూర్చోండి. సైన్సు పుస్తకంలోని మోటారు, గేరు ఎవరి నొప్పి తీర్చడానికి పనికొస్తాయో ఇందులో కనిపిస్తుంది.

చదివాక అడగకూడనివి

అసలైన కష్టం ఇక్కడుంది. పాప పుస్తకం మూసీ ముయ్యకముందే మనం మొదలుపెడతాం: ‘నీతి ఏమిటి? కొత్త పదాలు ఎన్ని? ఇంగ్లిష్‌లో చెప్పు చూద్దాం.’ మూడు రోజుల్లో ఆ మూల కూడా ఇంకో ట్యూషన్ అయిపోతుంది. ప్రశ్నలడగడానికి బడిలో మేమున్నాం. ఇంట్లో ఆ పని వద్దు.

ఒత్తు తప్పు చదివితే ఆపి సరిదిద్దకండి. అర్థం చెడితే తనే ఆగి వెనక్కి వెళ్తుంది. పుస్తకం నచ్చలేదని మధ్యలో వదిలేస్తే వదిలెయ్యనివ్వండి. చదివినదే పదిసార్లు చదువుతుంటే సంతోషించండి. పుస్తకం పూర్తి చేస్తే చాక్లెట్, అరగంట ఫోన్ అని బేరం పెట్టకండి. అలా చేస్తే ఫోన్ బహుమతి, పుస్తకం దానికి చెల్లించే ధర అయిపోతుంది. పేజీ చిరిగితే కోప్పడకుండా టేపు ఇవ్వండి. టేపులు పడ్డ పుస్తకమే ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మెప్పు పొందిన పుస్తకం.

‘మాకే టైము లేదు, తెలుగు చదివి ఏళ్ళయింది’ అనే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. రోజుకు 15 నిమిషాలు చాలు. మీకూ తడబాటు వస్తే రానివ్వండి. అమ్మ కూడా ఒత్తు దగ్గర ఆగి కూడబలుక్కుని ముందుకు వెళ్ళడం చూసిన పిల్లలకు తమ తడబాటు చిన్నదైపోతుంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు, షాపు రాత్రి పదికి కట్టేవాళ్ళు ఆదివారం ఒక్కపూట చేసినా మంచిదే. వేరే ఊళ్ళో ఉన్న నాన్నలు ఫోన్‌లో రోజుకో పేజీ చదివి వినిపించవచ్చు. ఫోన్‌ను తిట్టుకునే మనకు అది పనికొచ్చే చోటు అదొకటి.

ఈ సెలవుల హోంవర్క్ (పెద్దవాళ్ళకు)

భోగికి ముందు: షోకేసు తెరిచి పుస్తకాలన్నీ కిందికి దించండి. పిల్లల చేతనే తుడిపించండి. ఏవి ఎక్కడ పెట్టాలో వాళ్ళనే చెప్పనివ్వండి.

పండగ మూడు రోజులు: ఊళ్ళో పెద్దవాళ్ళ చేత ఒక ఉత్తరం రాయించండి. ఒక కథ చెప్పించండి.

తిరిగి వచ్చాక: తరగతికి తగ్గ పుస్తకం పై జాబితాలోంచి ఒక్కటే తెండి. ఒకేసారి పది కొనకండి. జనవరి మొదట్లో విజయవాడలో, డిసెంబరులో హైదరాబాద్‌లో సాధారణంగా జరిగే పుస్తకాల పండగలకు వెళ్ళే వీలుంటే పిల్లలను వెంట తీసుకెళ్ళి, ఒక పుస్తకం వాళ్ళే ఎంచుకునేలా చూడండి. మీకు నచ్చని పుస్తకం ఎంచుకున్నా సరే.

ఆ తర్వాత రోజూ 15 నిమిషాలు. టీవీ కట్టేసి, చాప మీద.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడుకున్నాక మిమ్మల్ని ఒకటే అడుగుతాను: గోడ మీది ఉత్తరం మీ బిడ్డ చదివిందా? ఇంకా చదవలేదంటే కంగారేమీ లేదు. మూడడుగుల ఎత్తులో ఉంది కదా, రోజూ కనబడుతూనే ఉంటుంది.

మీకు, మీ కుటుంబానికి సంక్రాంతి శుభాకాంక్షలు.